కంపాస్ ముల్లు కట్టించిన బడి

పిల్లల్ని ఏ బడిలో వేస్తే మంచిదని ఈ రోజుల్లో తల్లులంతా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. నన్నడగండి, చెబుతాను. లేని బడిలో వెయ్యండి!

నవ్వకండి. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, నాకు చమత్కారాలు ఎక్కడొస్తాయి? స్వానుభవం మీద చెబుతున్నాను. మా అమ్మాయి ఒక ఏడాదిపాటు లేని బడిలో చదివింది. ఆ ఏడాదంతా దానికి ఒక్క దెబ్బ తగల్లేదు, ఒక్క జ్వరం అంటుకోలేదు, ఒక్క పెన్సిలు పోలేదు. ఉన్న బడికి పిల్లల్ని పంపుతున్న తల్లుల్లో ఈ మాట గుండెల మీద చెయ్యి వేసుకుని అనగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ముందు నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నేను భయస్థురాలిని. అలాంటిలాంటి భయం కాదు. కుక్కర్ కూత వేస్తే పేలుతుందని భయం, వెయ్యకపోతే మరీ భయం. మావారు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆయన ఫోను ఎత్తకపోతే లిఫ్టు తీగ తెగిందనుకుంటాను. ఎత్తితే, ఇది ఆయన గొంతేనా, ఆస్పత్రి నుంచి ఇంకెవరైనా మాట్లాడుతున్నారా అని కాసేపు వింటాను. మాకు ఒక్కతే కూతురు, ఆరేళ్లది. కుదురుగా ఒక్కచోట కూర్చోదని ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. అలాంటి పిల్లకి బడి ఈడు వచ్చిందంటే నాకు తిండి సయిస్తుందా, నిద్ర పడుతుందా?

అసలు బడి అంటే ఏమిటి? పైకప్పు ఉంటుంది, అది పెచ్చులూడి పడుతుంది. మెట్లుంటాయి, వాటి మీంచి జారిపడతారు. నీళ్ల ట్యాంకు ఉంటుంది, దాని మూత ఎప్పుడూ తీసే ఉంటుంది. బల్లలకి మేకులు, కిటికీలకి పగిలిన అద్దాలు. దొడ్డి తలుపుకి లోపల గడియ పడితే బయటి నుంచి తీసేవాళ్లు ఉండరు. ఇవన్నీ దాటుకుని క్లాసులోకి వెళ్తే అక్కడ ఇతర పిల్లలుంటారు! వాళ్లలో ఒకడు కొరుకుతాడు. నేను చూడలేదు గానీ ప్రతి క్లాసులోనూ కొరికేవాడు ఒకడు ఉంటాడు.

ఈ గొడవలేవీ లేని బడి ఒకటుంది. దాన్ని మన నగరపాలక సంస్థవారే, ఒక్క ఇటుక కూడా ఖర్చు కాకుండా, ఎప్పుడో తాతల నాడే కట్టి ఉంచారు. అది మాకెలా దొరికిందో వినండి.

మాకు దగ్గర్లో ఉన్న సర్కారు బడి పెద్ద రోడ్డుకి అవతల ఉంది. ఆరు వరుసల రోడ్డు. లారీలు దాని మీద నడవవు, దూకుతాయి. ప్రైవేటు బడి గుమ్మమేమో మా సంపాదనకి ఎత్తెక్కువ. ఇక చేసేదేముంది? ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, పిచ్చుకని చంకనెత్తుకుని, ఆ రోడ్డు దాటి వెళ్లాను. అక్కడి హెడ్‌మిస్ట్రెస్సు కంప్యూటర్లో మా అడ్రసు కొట్టి చూసింది.

"మీ పాప మా బడి కిందకి రాదమ్మా. మీ ఇంటి పక్కనే బడి ఉంది. సీటు కూడా ఇచ్చేశారు."

"మా ఇంటి పక్కన బడి లేదండీ టీచరుగారూ. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అక్కడే ఉంటున్నాను."

"కంప్యూటర్లో ఉందమ్మా. మీరే సరిగ్గా చూసి ఉండరు."

చూసి ఉండనేమో! ఆవిడ చదువుకున్నది, నేను చదువుకోనిది. ఆవిడ ఇచ్చిన గుర్తులు పట్టుకుని తిరిగి వచ్చాను. మా వీధి చివర, మలుపులో, సరిగ్గా బడి ఉండవలసిన చోట టైర్ల షాపు ఉంది. వెనక అరిగిపోయిన టైర్లు కొండలా పోసి ఉన్నాయి. బడి ఎక్కడని అడిగితే షాపాయన చేతిలో పని ఆపకుండానే అన్నాడు.

"మీరు మొదటివాళ్లు కాదులెండక్కా. మొన్నామధ్య ఒక టీచరుగారు ఇక్కడికి బదిలీ అయిందని పెట్టె బేడాతో దిగిపోయాడు. సాయంత్రం దాకా ఆ స్టూలు మీదే కూర్చున్నాడు పాపం. ఊరికే కూర్చోవడం ఎందుకని ట్యూబుకి ప్యాచ్ వెయ్యడం నేర్చుకుని మరీ వెళ్లాడు."

మా బడిలో ఇప్పటివరకు చదువు నేర్చుకున్నది ఆ ఒక్కాయనే అని నా అభిప్రాయం.

మర్నాడు నగరపాలక ఆఫీసుకి వెళ్లాను. ఈ గది కాదంటే ఆ గది, ఆ గది కాదంటే పై అంతస్తు. చివరికి మ్యాపుల గదిలో తేలాను. అక్కడ మ్యాపుల సారు ఒక్కరే ఉన్నారు. కోపమూ విసుగూ లేని మనిషి. నన్ను చూసి, ఎన్నాళ్లుగానో చుట్టాలు రాని ఇంట్లోవాళ్లు చుట్టాన్ని చూసినట్టు సంబరపడ్డారు. బడి సంగతి చెప్పగానే బీరువా పైనుంచి ఒక పొడుగాటి చుట్ట దించి, బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు బరువులు పెట్టారు. గుడ్డకి అంటించిన పాత మ్యాపు. ఊరు అరచేయంత ఉన్నప్పటిది.

"ఇదిగోనమ్మా, అన్ని మ్యాపులకీ ఇదే తల్లి," అన్నారు.

ఆ కాలంలో ఒక పెద్ద ఆఫీసరు ఉండేవాడట. ఊళ్లో ఏ పిల్లా బడి కోసం కిలోమీటరు మించి నడవకూడదని ఆయన పట్టుదల. ఊళ్లో ఉన్న ప్రతి బడి మీదా కంపాస్ ముల్లు గుచ్చి కిలోమీటరు మేర గుండ్రంగా గీత గీశాడు. అన్ని సున్నాలూ గీశాక చూస్తే మా పేట ఏ సున్నాలోనూ పడలేదు. అయ్యో అనుకుని, మా పేట మధ్యలో ముల్లు గుచ్చి, పెన్సిల్‌తో ఇంకో సున్నా చుట్టాడు. ఇక్కడొక బడి కట్టాలని దానర్థం. కట్టలేదు. ఆయన ఎక్కడికో వెళ్లిపోయాడు, తర్వాత వచ్చినాయన రబ్బరు పెట్టి పెన్సిల్ గీత చెరిపేశాడు.

"రబ్బరు గీతని చెరుపుతుంది గానీ కన్నాన్ని చెరపలేదు కదమ్మా," అన్నారు సారు, ఆ కన్నం తానే స్వయంగా పొడిచినంత గర్వంగా.

కొన్నేళ్లకి మ్యాపు చిరుగుపట్టింది. కొత్తది తీయాలి. మ్యాపుని గాజుబల్ల మీద పరిచి, కింద దీపం వెలిగించి, పైన పల్చటి కాగితం వేసి దిద్దుతారట. కింద దీపం ఉంటే కన్నం ఎలా కనిపిస్తుంది? సిరా చుక్కల కంటే బాగా మెరుస్తుంది! దిద్దినాయన అక్కడ జాగ్రత్తగా ఒక చుక్క పెట్టాడు. ఆ తర్వాతి మ్యాపు దిద్దినాయన మిగతా బడులకి చతురస్రాలుండి దీనికి లేకపోవడం అన్యాయమని దీనికీ ఒక చతురస్రం గీశాడు. తర్వాత కంప్యూటరు వచ్చింది. చతురస్రం కనిపించిన ప్రతిచోటా అది ఒక నంబరు వేసింది. నంబరున్న బడికి పేరు లేకపోతే బాగుండదని ఎవరో పేరు పెట్టారు. పేరున్న బడికి పిల్లలు లేకపోతే బాగుండదని కంప్యూటరు మా పేట పిల్లలందర్నీ అందులో చేర్చింది.

నేను నోరు వెళ్లబెట్టి విన్నాను.

"మరి ఇది ఎవరికీ తెలియదా సార్?"

"తెలియకపోవడమేమిటమ్మా? ఆఫీసులో అందరికీ తెలుసు. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజు ఈ కన్నమే చూపిస్తాం."

"అయితే తీసెయ్యొచ్చు కదా?"

"తీసెయ్యాలంటే పిల్లలు సరిపడా లేరని రాయాలి. మీ బడిలో నలభైమందికి పైగా ఉన్నారే! అంతమంది చదువుకుంటున్న బడిని మూసేస్తే జనం మమ్మల్ని బతకనిస్తారా?"

"పోనీ, అక్కడే నిజంగా ఒక బడి కట్టించండి."

"ఉన్న బడి పక్కన ఇంకో బడి ఎందుకని పైవాళ్లు అడుగుతారమ్మా." ఆయన గొంతు తగ్గించి, "పైగా మీ బడి మీద ఒక్క కంప్లయింటు లేదు. ఏటేటా సున్నం కూడా వేయిస్తున్నాం," అన్నారు.

ఈ మాటతో మీకైతే ఒళ్లు మండేది. నాకు మాత్రం ఒళ్లంతా చల్లబడింది. ఎందుకంటారా? నిజం బడిలో సీటు ఇస్తే నా బిడ్డ రోజూ ఆ పెద్ద రోడ్డు దాటాలి. ఇప్పుడు దాటక్కర్లేదు. పైగా తప్పు నాది కాదు, కంప్యూటరుది. ఏ తల్లికి దొరుకుతుంది ఇంత అదృష్టం?

ఆలోచించిన కొద్దీ మా బడి గొప్పతనం నాకు తెలిసొచ్చింది. వానకి కారదు. ఎండకి మాడదు. ఉపాధ్యాయులు పిల్లల్ని కొట్టరు, తిట్టరు, తమ ఇంటికి కూరగాయలు తెమ్మని పంపరు. మధ్యలో బడి మానేసిన పిల్ల ఒక్కతీ లేదు. లైన్లో నిలబెట్టడం, గోడకుర్చీ వేయించడం, గుంజీలు తీయించడం, ఏవీ లేవు. కొరికేవాడు ఉంటే ఉండవచ్చు గానీ వాడు కూడా వాళ్లింట్లోనే ఉన్నాడు. ఉన్న బడులకి ప్లాను వేసే ఇంజినీర్లంతా ముందు మా బడి చూసి నేర్చుకోవాలి. తలుపు ఎటు పెట్టాలి, కిటికీ ఎటు పెట్టాలి అని బుర్రలు బద్దలు కొట్టుకోవడం దేనికి? అసలు పెట్టకపోతే సరి!

మావారికి మాత్రం ఇది రుచించలేదు.

"పిల్లకి నాలుగు అక్షరం ముక్కలు రావాలా వద్దా?" అన్నారు.

"ముందు ప్రాణం ఉండాలి కదండీ. అక్షరాలు ఎక్కడికి పోతాయి?"

"నువ్విలాగే ఉండు. అది పెళ్లీడుకొచ్చాక ఒకటో తరగతిలో కూర్చుంటుంది. మనవల్ని ఎత్తుకుని వెళ్లి ఫీజు కట్టొద్దాం."

మగవాళ్లకి వెటకారం తప్ప భయం తెలియదు. నేను పట్టించుకోలేదు. ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి ఆయనే కొన్నాళ్లకి ఊరుకున్నారు. తిరిగినచోటల్లా, "మీ పాపకి సీటు ఉంది కదండీ, ఇంకేం కావాలి?" అన్నారట.

అలా ఏడాది గడిచింది. పక్కింటావిడ తన పిల్లల్ని ఆటోలో ఎక్కడో దూరం బడికి పంపుతుంది. సాయంత్రమయ్యేసరికి గోడ మీంచి మొదలుపెట్టేది. చిన్నదానికి తలలో పేలట, పెద్దవాడికి పన్ను ఊడిందట, ఎవడో బాక్సు మూత ఎత్తుకుపోయాడట. నేను జాలిగా విని, "మా బడిలో అలాంటివి లేవమ్మా," అనేదాన్ని.

నాకు వచ్చిన అక్షరాలు నేనే పిచ్చుకకి నేర్పాను. దానికి అవి చాలేవి కావు. ఇంట్లో ఉన్న చెప్పులన్నీ గోడవారగా వరసపెట్టి, ఎదురుగా నిలబడి హాజరు పిలిచేది. "నాన్న ఎడమకాలు, మాట్లాడకు. అమ్మ కుడికాలు, నిన్న ఎందుకు రాలేదు?" ఒకరోజు మావారు పనికి వెళ్తూ చెప్పులు తొడుక్కోబోతే అడ్డం పడింది. బెల్లు కొట్టకుండా పంపనంది. ఆయన పాపం స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టి, తన చెప్పులకి తనే సెలవిప్పించుకుని వెళ్లారు. వెళ్తూ తలుపు దగ్గర నన్నొక చూపు చూశారు. పిల్లకి ఇంత పెద్ద క్లాసు ఉండగా ఇంకేం లోటని నేను తలుపు గడియ వేసుకున్నాను.

పరీక్షల కాలం వచ్చింది. ఒక ఉదయం చేతిలో ఫైలుతో, చెమటలు కక్కుకుంటూ ఒక ఇన్‌స్పెక్టరుగారు మా గుమ్మంలో నిలబడ్డారు.

"తల్లిదండ్రుల కమిటీ అధ్యక్షురాలు మీరేనా అమ్మా?"

పై ప్రాణాలు పైనే పోయాయి. ఏ నేరానికో అనుకున్నాను. కాదట. ప్రతి బడికీ ఒక కమిటీ ఉండాలట. మా బడికి లేదని గమనించి కంప్యూటరే నన్ను ఎంచుకుందట. ఆయన మంచినీళ్లు తాగి, ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు.

"బడి సంతృప్తికరంగా నడుస్తోందని రాసి ఉంది. ఒక్క సంతకం చెయ్యండి. మీ పాపతో సహా అందరూ పాసు. రెండో తరగతి."

"చెయ్యకపోతేనో సార్?"

"కమిటీ ఒప్పుకోని బడిని పక్క బడిలో కలిపేస్తాం."

"పక్క బడి అంటే, పెద్ద రోడ్డుకి అవతలదా?"

"పెద్ద రోడ్డేమిటమ్మా? మా మ్యాపులో అక్కడ కాలిబాట ఉంది. అటూ ఇటూ చెట్లు కూడా వేసున్నాయి. పిల్లలు ఆడుతూ పాడుతూ వెళ్లొచ్చు."

"సార్, మీరిప్పుడు ఎటునుంచి వచ్చారు?"

"ఆ రోడ్డు మీంచే. ఏం ట్రాఫిక్కమ్మా అది! దాటేసరికి తల ప్రాణం తోకకొచ్చింది."

"మరి?"

"నేను వచ్చింది రోడ్డు మీద. బడి కలిపేది మ్యాపు మీద," అన్నారు, పిల్లకి లెక్క చెప్పినంత ఓపికగా.

ఇక ఆలోచించడానికేముంది? పెన్ను తీసుకున్నాను. ఒక్క సంతకంతో పిల్ల పాసవుతుంది, రోడ్డు తప్పుతుంది. ఇలా ఏటా ఒక సంతకం పెట్టుకుంటూ పోతే పదో తరగతి దాకా దాని కాలికి దుమ్ము అంటుకోదు. నా పేరులో మొదటి అక్షరం రాశాను కూడా.

పిచ్చుక అప్పటిదాకా నా భుజం మీద వాలి వింటోంది.

"నేను పాసయ్యానా అంకుల్?"

"అయ్యావు తల్లీ. ఇకనుంచి రెండో తరగతి."

అది ఎగిరి గంతేసింది. వాకిట్లోకి పరిగెత్తింది, ఎవరికో చెప్పాలని. వాకిట్లో ఎవరూ లేరు. తిరిగొచ్చి ఆయన మోకాలి దగ్గర నిలబడింది.

"అంకుల్, ఒకటో తరగతిలో నా పక్కన ఎవరు కూర్చున్నారు?"

ఇన్‌స్పెక్టరుగారు మంచివాడే. నవ్వి ఊరుకోలేదు. నిజంగానే ఫైలు తెరిచి వెతికారు. ఒక పేజీ తిప్పారు, ఇంకో పేజీ తిప్పారు. చివరికి మెల్లగా, "అది ఇందులో రాయరమ్మా," అన్నారు. అని నా వైపు చూశారు.

పిచ్చుక కూడా నా వైపే చూసింది. అమ్మకి తెలిసే ఉంటుందని దాని నమ్మకం.

నా దగ్గర అన్నిటికీ జవాబులుంటాయి. పైకప్పు పడితే ఏం చెయ్యాలి, కుక్క వెంటపడితే ఎటు పరిగెత్తాలి, గడియ పడిపోతే ఎలా అరవాలి, అన్నీ దానికి వల్లె వేయించాను. ఈ ప్రశ్న వస్తుందని ఒక్కరోజు కూడా భయపడలేదు. అన్నిటికీ భయపడేదాన్ని, దీనికి భయపడడం మర్చిపోయాను.

రాసిన అక్షరం కొట్టేసి, కాగితం ఆయనకి తిరిగి ఇచ్చేశాను.

దాంతో మా బడి మూతపడింది. తాతల కాలం నుంచి ఒక్క మచ్చ లేకుండా నడిచిన బడిని నా చేతులతో నేనే మూయించాను. పేటలో పిల్లలందర్నీ రోడ్డుకి అవతలి బడిలో కలిపేశారు. ఆర్డరులో, "విద్యార్థులు కాలిబాటన సురక్షితంగా చేరుకోగలరు" అని రాశారు. అంత చక్కటి అక్షరాలు నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే తల్లులం పిల్లల చేతులు పట్టుకుని రోడ్డు అంచున వరసగా నిలబడతాం. మావారు చెయ్యడ్డం పెట్టి ముందు నడుస్తారు, లారీ బ్రేకులు కీచుమంటాయి, డ్రైవరు మా అందరి పుట్టుకనీ తలుచుకుంటాడు. మ్యాపు ప్రకారం చూస్తే ఆ లారీ అక్కడ లేదు. కాబట్టి కంగారు పడవలసిన పని లేదు.

బడిలో చేరిన వారంలోనే పిచ్చుక మోచెయ్యి గీరుకుపోయింది. తలలో పేలు దిగాయి. రెండు పెన్సిళ్లు పోయాయి. నేను చెబితే ఎవరూ నమ్మలేదు గానీ, కొరికేవాడు నిజంగానే ఉన్నాడు! సాయంత్రం నాలుగయ్యేదాకా నాకు ముద్ద మింగుడు పడదు. లేని బడి రోజుల్లో ఎంత హాయిగా ఉన్నానో తలుచుకుంటే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. పిల్లల క్షేమం కోరేవాళ్లు లేని బడినే కోరుకోవాలన్న నా మాటని నేను వెనక్కి తీసుకోను.

కానీ నా బిడ్డ ఇప్పుడు ఒక బుగ్గల పిల్ల పక్కన కూర్చుంటోంది. ఆ పిల్ల సంగతులు చెప్పడానికి దానికి రాత్రి అన్నం తినే టైము చాలడం లేదు.

అందుకని ప్లాన్లు వేసే పెద్దలకి ఒక చిన్న మనవి. మా వైపు బడి ఎప్పుడు కడతారో మీ ఇష్టం. అందాకా ఒక్క పొద్దున వచ్చి, మా పిచ్చుకని మీ కాలిబాట మీదుగా అవతలికి దాటించండి. చెట్ల నీడన నడిపిస్తారో, ఎలా నడిపిస్తారో నేనడగను. చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకోండి. అది విదిలించుకుని పరిగెడుతుంది. ఆలస్యమైతే బుగ్గల పిల్ల పక్కన ఇంకెవరైనా కూర్చుంటారని దాని భయం.